సముద్రం పక్కన ‘ఖాళీ’ స్థలం: పోటు గీత ఎక్కడ, గొడవ ఎక్కడ

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక గుంటూరు జిల్లాకు సముద్రం లేకుండా పోయింది. సూర్యలంక, నిజాంపట్నం బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. విజయవాడ ఉన్న ఎన్టీఆర్ జిల్లాకూ తీరం లేదు. మంగినపూడి, దివిసీమ కృష్ణా జిల్లాకు మిగిలాయి. అయినా తీరం స్థలాల బేరాలు మాత్రం ఈ రెండు నగరాల్లోనే కుదురుతుంటాయి. బ్రోచర్ మీద నాలుగు కొబ్బరిచెట్లు, ఒక అల, కింద ‘బీచ్ ఫేసింగ్’ అన్న మాట. గజాల లెక్కన ధర. తీరాన మత్స్యకారుల పాలెంలో ఉండేవాళ్లకు ఆ సంగతి తెలిసేది పొక్లెయిన్ వచ్చి దిబ్బను చదును చేయడం మొదలుపెట్టాకే.

అప్పుడు మొదలయ్యే గొడవను పేపర్లు ‘అభివృద్ధి వర్సెస్ పర్యావరణం’ అని రాస్తాయి. ఆ శీర్షిక కింద అసలు విషయం కనిపించదు. ఈ తగాదాల్లో చాలావరకు రెండు ప్రశ్నల దగ్గరే తేలిపోతాయి. ఆ నేల కాగితంలో ‘ఖాళీ’ అని ఎందుకు పడింది? పోటు గీత, అంటే సముద్రపు పెద్ద పోటు చేరే హద్దు, ఎక్కడ ఉంది? ఈ రెండూ తేలకుండా రిసార్టు మంచిదా చెడ్డదా అని ఎంతసేపు వాదించుకున్నా ఉపయోగం ఉండదు.

ఖాళీ ఎవరికి?

ఊరి భూముల రికార్డు అడంగల్ తీసి చూస్తే తీరం వెంట ఉండే మాటలు కొన్నే. ఇసుక దిబ్బలు, పోరంబోకు, పర్ర (ఉప్పు పల్లం), బంజరు. పన్ను రాని నేలకు రెవెన్యూ పెట్టిన పేర్లు అవి. పన్ను రాలేదంటే వాడకం లేదని అర్థం కాదు. అలివి వల లాగే చోటు చూస్తే ఇది తెలుస్తుంది. వలను సముద్రంలో అర్ధచంద్రంలా వదిలి, రెండు కొసల తాళ్లనూ ఒడ్డున రెండు జట్లు పట్టుకుని లాగుతాయి. లాగేకొద్దీ రెండు జట్లూ ఒకదానికొకటి దగ్గరగా జరుగుతాయి. అందుకు ఒడ్డు పొడవునా వందల మీటర్ల అడ్డులేని జాగా కావాలి. మధ్యలో ఒక ప్రహరీ, నాలుగు సిమెంటు గొడుగులు వచ్చాయంటే ఆ చోట అలివి వల పని ఆగిపోయినట్టే. చేపలు ఎండబెట్టే చోటు, పడవలు పైకి లాగి పెట్టుకునే చోటు, వలలు బాగుచేసుకునే సరుగుడు నీడ కూడా అంతే. పట్టా ఏదీ ఉండదు, రోజూ పని మాత్రం అక్కడే.

కంటికి కనపడని వాడకం ఇంకొకటి ఉంది. అది నీరు. బాపట్ల తీరంలో ఇసుక నేలల్లో దొరువులు తవ్వి కూరగాయలు, నారుమళ్లు పండించడం పాత అలవాటు. దొరువు అంటే లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న గుంట. అలా తవ్వడానికి కారణం ఉంది. తీరపు ఇసుక కింద వాననీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. మంచినీరు తేలిక, సముద్రపు నీరు దానికంటే సుమారు రెండున్నర శాతం బరువు. ఆ తేడా వల్ల మంచినీటి మట్టం సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉంటే, దానికి సుమారు 40 రెట్ల మందాన మంచినీరు కింద నిలుస్తుంది. మట్టం 30 సెంటీమీటర్లు పైన ఉంటే కింద 12 మీటర్లు. బోరు వేసి తోడి ఆ మట్టాన్ని 10 సెంటీమీటర్లు దించితే, నిదానంగా కింద 4 మీటర్ల మంచినీరు పోయి ఆ చోటికి ఉప్పు ఎక్కుతుంది. మోటారు జోరుగా నడిపితే బోరు కిందనే ఉప్పునీరు పుట్టలా పైకి లేస్తుంది.

దొరువు పైపొరను మాత్రమే తేర్చుకుంటుంది. బోరు లోతుకు వెళ్లి అడుగునుంచి లాగుతుంది. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రం ‘మెరుగుపరచిన దొరువు’ అని తయారుచేసింది ఈ సూత్రం మీదే. ఇసుకలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి, వాటిలోకి ఊరిన నీటిని మధ్యలో ఉన్న బావికి చేర్చి, అక్కడి నుంచి తోడటం. నీరు వెడల్పుగా వస్తుంది కనుక ఏ ఒక్కచోటా మట్టం బాగా కుంగదు.

ఇప్పుడు ఆ ఇసుక మీద ఎకరం స్థలంలో 30 గదుల రిసార్టు వచ్చిందనుకుందాం. గదికి రోజుకు 500 లీటర్లు వేసినా 15,000 లీటర్లు. 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల లోతు ఉన్న చిన్న ఈతకొలనుకే ఒకసారి నింపడానికి 60,000 లీటర్లు. ఈ నీరంతా ఆ ఒక్క ఎకరం కింద నుంచే రావాలి. వాన పడినప్పుడు నీరు ఇంకాల్సిన జాగాలో సగం సిమెంటు కిందకు పోయి ఉంటుంది. మరుగుదొడ్ల నీరు ఇంకుడు గుంటకు వెళ్తుంది. ఇసుకలో అది వడగట్టుకునేంత సేపు నిలవదు, జారిపోయి ఊటలో కలుస్తుంది. వానాకాలంలో నీటిమట్టం ఒకటి రెండు మీటర్ల లోతుకే వచ్చేచోట గుంట అడుగు నేరుగా ఊటలోనే మునిగి ఉంటుంది. పక్క పొలం దొరువులో ఉప్పు, వాసన రెండూ వచ్చాక అది ఎవరివల్ల వచ్చిందో నిరూపించడం కష్టం. కొనేముందే ఆ చుట్టుపక్కల దొరువుల్లో నీటి ఉప్పదనం వేసవి చివర కొలిపించి, తేదీతో రాసి పెట్టుకుంటే తరవాత అదే పనికొస్తుంది. ఒప్పుకునే పక్షానికీ, వద్దనే పక్షానికీ.

దిబ్బను చదును చేస్తే

ఇసుక దిబ్బ ఒక నిల్వ. తుపానుకు అలలు వచ్చి దిబ్బ ముఖాన్ని కోసి ఆ ఇసుకను ఒడ్డుకు దగ్గరగా నీటిలో పరుస్తాయి. అక్కడ లోతు తగ్గి, వెనక వచ్చే అలలు దూరంగానే విరుగుతాయి. తుపాను పోయాక మామూలు అలలు ఆ ఇసుకను మెల్లగా వెనక్కి తెస్తాయి. గాలి దాన్ని లోపలికి తోస్తుంది. రావణాసురుడి మీసాలు అని పిలిచే ముళ్లగడ్డి, నేల మీద పాకే ఊదాపూల తీగ దాన్ని ఆపి మళ్లీ దిబ్బ కడతాయి. ఇదంతా జరగడానికి ఏళ్లు పడుతుంది. జేసీబీకి రెండు రోజులు చాలు.

దిబ్బను తీసేసి, ‘సముద్రం కనపడాలి కదా’ అని ఎత్తు తగ్గించి, ముందు కాంక్రీటు గోడ కడితే జరిగేది తెలిసిన సంగతే. అల గోడకు కొట్టుకుని కిందకు తిరిగి గోడ పాదం దగ్గరి ఇసుకను తవ్వుకుపోతుంది. ఒడ్డు ఇసుక పలచబడుతుంది. గోడ ఒరుగుతుంది. యజమాని రాళ్లు వేయిస్తాడు. రాళ్లు వేసిన చోట ఆగిన కోత, రాళ్లు ముగిసే చోట పక్కవాడి స్థలంలో మొదలవుతుంది. ఒక రిసార్టు గోడ రెండో రిసార్టుకు గోడ అవసరం తెచ్చిపెడుతుంది. అందుకే మొదటి వరసకు అనుమతి ఇవ్వడమన్నది ఒక్క స్థలానికి సంబంధించిన నిర్ణయం కాదు. బీచ్ కోసమని కట్టిన వరస చివరకు బీచ్ లేకుండానే మిగులుతుంది. దేశ తీరరేఖ మీద 1990–2018 మధ్య మార్పులను కొలిచిన కేంద్ర అధ్యయనం దాదాపు మూడోవంతు తీరం కోతకు గురవుతోందని తేల్చింది. ఎక్కడ గీత జరుగుతోందో చూడకుండా స్థలం కొలవడం కదిలే బస్సుకు కొలత తీసినట్టే.

ఈ తీరానికి తుపాను అరుదైన సంగతేమీ కాదు. 1977 నవంబర్ 19న తుపాను చీరాల వైపు తీరం దాటితే, దానికి కుడివైపున పడ్డ దివిసీమను సుమారు 5 మీటర్ల ఉప్పెన ముంచింది. వేల మంది పోయారు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. 1977 తరవాత తీరం పొడవునా సరుగుడు పెంచడం ఎక్కువైంది. గాలికి అది మంచి అడ్డు. కాని పోటు గీతకు మరీ దగ్గరగా, దిబ్బ ముఖం మీదే వరసలు వేస్తే గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లకు అది అడ్డమే. వేళ్లు, రాలిన ఆకు గట్టి పొరగా మారితే అవి గుంట తవ్వలేవు. పచ్చగా ఉన్న ప్రతిదీ తీరానికి మేలు చేస్తుందని అనుకోవడానికి లేదు. ఇక రిసార్టు దీపాల సంగతి మరీ దారుణం. రాత్రిపూట గుడ్డు పగిలి వచ్చిన పిల్లలు వెలుతురు ఎటుంటే అటు నడుస్తాయి. మామూలుగా ఆ వెలుతురు సముద్రం మీది ఆకాశం. లాన్ మీద ఫ్లడ్ లైట్లు ఉంటే అవి రోడ్డెక్కుతాయి.

గీత ఎక్కడ?

తీర నియంత్రణ ప్రాంత (కోస్టల్ రెగ్యులేషన్ జోన్) నిబంధనలు మొదట 1991లో, తరవాత 2011లో, మళ్లీ 2019 జనవరి 18న వచ్చాయి. మూడింటికీ ఆధారం 1986 పర్యావరణ పరిరక్షణ చట్టమే. అందరూ ‘సీఆర్‌జెడ్’ అంటారు. కొలత మొత్తం హైటైడ్ లైన్ నుంచి, అంటే అమావాస్యకూ పున్నానికీ వచ్చే పెద్ద పోటు చేరే గీత నుంచి. అక్కడి నుంచి లోపలికి 500 మీటర్లు సీఆర్‌జెడ్.

స్థలం చూడటానికి వచ్చినవాళ్లు తరచుగా చేసే పొరపాటు ఇక్కడే. ఆ రోజు నీరు ఎక్కడుంటే అక్కడి నుంచి టేపు పట్టడం. ఒడ్డు వాలు 30 మీటర్లకు 1 మీటరు ఉన్నచోట నీరు అర మీటరు పెరిగితే 15 మీటర్లు లోపలికి వస్తుంది. మధ్యాహ్నం ఆటు మీద ఉన్నప్పుడు కొలిచిన 200 మీటర్లు అసలు గీత నుంచి 170 కూడా ఉండకపోవచ్చు. ఫోనులో ఉపగ్రహ చిత్రం మీద వేలితో కొలవడం ఇంతకంటే మేలు కాదు. ఆ చిత్రం తీసినప్పుడు పోటో ఆటో దాని మీద రాసి ఉండదు. చెల్లే గీత చెన్నైలోని జాతీయ సుస్థిర తీర నిర్వహణ కేంద్రం గుర్తించింది మాత్రమే.

ఆ గీతకు లోపల పల్లె ప్రాంతం చాలావరకు మూడో తరగతి, అంటే సీఆర్‌జెడ్-3. 2019 నిబంధన దాన్ని రెండు చేసింది. 2011 జనాభా లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి ఉంటే 3-ఎ, లేకపోతే 3-బి. ఎకరాల్లో చెప్పుకోవాలంటే ఎకరానికి దాదాపు 9 మంది. 3-ఎలో కట్టడాలు నిషిద్ధమైన పట్టీ 50 మీటర్లకు తగ్గుతుంది, 3-బిలో 200 మీటర్లు అలాగే ఉంటుంది. జీడితోటలు, సరుగుడు, పర్ర ఉన్న ఊళ్లలో జనసాంద్రత అంత రావడం కష్టం. కనుక ‘కొత్త రూలు వచ్చింది, 50 మీటర్లే’ అని ఏజెంటు చెప్పే మాటను ఆ గ్రామ జనాభాను గ్రామ విస్తీర్ణంతో భాగించి చూసుకున్నాకే నమ్మాలి. పైగా 2019 నిబంధన ప్రకారం తయారైన తీర పటానికి కేంద్రం ఆమోదం ఉంటేనే ఆ సడలింపు వర్తిస్తుంది. అప్పటిదాకా పాత పటమే.

సముద్రానికి 2 కిలోమీటర్ల దూరంలో ఉన్న స్థలం కూడా సీఆర్‌జెడ్‌లో పడొచ్చు. పోటు ఎక్కే ఉప్పుటేరు, మొగ, కాలువల ఒడ్డుకు కూడా నియమం ఉంది. 2019 ప్రకారం ఒడ్డు నుంచి 50 మీటర్లు లేదా ఆ ఏరు వెడల్పు, రెంటిలో ఏది తక్కువైతే అది. పోటు ఎంతదాకా ఎక్కుతుందన్నది వేసవిలో నీటి ఉప్పదనం లీటరుకు 5 గ్రాములు ఉన్నచోటు వరకు లెక్క. రొంపేరు, నల్లమడ మురుగు కాలువల దగ్గర చౌకగా వచ్చే స్థలాలకు ఇది చాలా ముఖ్యం. మడ అడవి ఉంటే నియమం ఇంకా బిగుసుకుంటుంది. మడ 1,000 చదరపు మీటర్లు, అంటే సుమారు 25 సెంట్లు మించితే, దాని చుట్టూ 50 మీటర్ల రక్షణ పట్టీ. ‘తుమ్మలు, పొదలు కొట్టేశాం’ అని చెప్పేవాళ్లు కొట్టింది నిజంగా తుమ్మలేనా, తెల్లమడలా అన్నది పాత ఉపగ్రహ చిత్రాలు చూపిస్తాయి.

పటం సంగతి కొంచెం చెప్పుకోవాలి. రాష్ట్ర తీర పటం 1:25,000 కొలతలో ఉంటుంది. దాని మీద 1 మిల్లీమీటరు అంటే నేల మీద 25 మీటర్లు. అర మిల్లీమీటరు గీత మందమే 12 మీటర్లు దాటుతుంది. ఆ పటాన్ని జిరాక్స్ తీసి, సర్వే నంబరు మీద పెన్నుతో చుక్క పెట్టి, ‘మన స్థలం బయటే ఉంది’ అనడం వట్టి మాట. పనికొచ్చేది 1:4,000 కొలతలో, సర్వే నంబర్ల మీద గీత వేసిన పటం. అందులో 1 మిల్లీమీటరు 4 మీటర్లు. దాన్ని కేంద్రం గుర్తించిన సంస్థలే తయారు చేయాలి. ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) మీద దాన్ని పరిచి చూస్తే గీత ఏ గట్టు మీదుగా పోతుందో కనపడుతుంది. ఇక్కడ కొత్త చిక్కు ఒకటుంది. రీసర్వే అయిన గ్రామాల్లో సర్వే నంబర్ల బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. పాత సర్వే నంబర్లతో గీసిన తీర పటంలో అవి ఉండవు. పాత నంబరుకు కొత్త నంబరు ఏదో చెప్పే రికార్డు కాపీ తహసీల్దారు కార్యాలయంలో తీసుకోకపోతే, రెండు కాగితాలూ రెండు వేర్వేరు ఊళ్లవిలా ఉంటాయి.

ఏం కట్టొచ్చు

నిషేధ పట్టీలో వ్యవసాయం, తోటలు, ఆట స్థలాలు, అడవి పెంపకానికి అడ్డు లేదు. పాత అనుమతి ఉన్న ఇంటిని అదే కొలతలో బాగుచేసుకోవచ్చు, తిరిగి కట్టుకోవచ్చు. 2019 నిబంధన తాత్కాలిక పర్యాటక వసతులకు దారి ఇచ్చింది. తడికెల పాకలు, మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు, స్నానానికి షవర్లు, నడక దారులు, అవీ పోటు గీతకు కనీసం 10 మీటర్ల అవతల. కార్తీక మాసంలో సముద్ర స్నానానికి గుంటూరు, విజయవాడల నుంచి బస్సుల మీద బస్సులు వచ్చే సూర్యలంకకు నిజంగా కావాల్సింది ఈ జాబితాలో ఉన్నవే. శాశ్వత కట్టడాలు తక్కువైనందువల్ల ఆ తీరానికి లోటు వచ్చిందని చెప్పడం కష్టం. సరిపడా మరుగుదొడ్లు లేకపోవడమే అసలు లోటు.

నిషేధ పట్టీ దాటాక రిసార్టు కట్టాలంటే స్థలం 0.4 హెక్టారుకు, అంటే దాదాపు ఎకరానికి, తక్కువ ఉండకూడదు. అన్ని అంతస్తులూ కలిపి కట్టిన వైశాల్యం స్థలంలో 33 శాతం మించకూడదు. ఎకరానికి సుమారు 1,600 గజాలు. ఎత్తు 9 మీటర్లు మించకూడదు, అంతస్తులు కింద ఒకటి పైన ఒకటి. పోటు గీత నుంచి 200 మీటర్ల లోపు భూగర్భజలం తోడకూడదు. 200 నుంచి 500 మధ్య భూగర్భజల శాఖ ఒప్పుకోవాలి. దిబ్బలు చదును చేయకూడదు. రెండు రిసార్టుల మధ్య జనం సముద్రానికి వెళ్లడానికి 20 మీటర్ల వెడల్పు దారి వదలాలి. కంచె వేసుకోవచ్చు, కాని ఆ దారికి అడ్డు రాకూడదు.

ఇందులో మంచి అమ్మకందారు బయటపెట్టని సంగతి ఒకటుంది. నిషేధ పట్టీలో ఉన్న ముక్కను కట్టడానికి వాడకూడదు గాని, 33 శాతం లెక్కకు మొత్తం స్థలంలో కలుపుకోవచ్చు. అందుకే సముద్రం ముఖం ఉన్న ‘నిరుపయోగమైన’ ముక్కకు కూడా వెనకున్న స్థలంతో కలిపి కొంటే విలువ ఉంటుంది, విడిగా కొంటే ఉండదు. గజాల లెక్కన ముక్కలు చేసి అమ్మినప్పుడు ముందు వరస కొన్నవాడికి మిగిలేది చూసుకోవడానికి సముద్రం మాత్రమే. లేఅవుట్లలో ఇంకొక తెలివి కనపడుతుంది. మొత్తంలో 10 శాతం ఖాళీ స్థలం వదలాలి కనుక, ఎలాగూ కట్టడానికి వీల్లేని నిషేధ పట్టీనే ఆ 10 శాతం కింద చూపించి ‘బీచ్ పార్కు’ అని పేరు పెడతారు. వదిలింది కొత్తగా ఏమీ లేదు. అనుమతి ఇచ్చే అధికారి పటం రెండిటినీ ఒకదాని మీద ఒకటి వేసి చూస్తే ఐదు నిమిషాల్లో తెలిసిపోయే పని.

సొంత ఇల్లు 300 చదరపు మీటర్ల లోపు ఉంటే 2019 నిబంధన ప్రకారం తీర అనుమతులు చూసే రాష్ట్ర తీర మండలి దాకా వెళ్లనక్కర్లేదు. పంచాయతీ లేదా పట్టణ సంస్థే సీఆర్‌జెడ్ నియమాలు చూసి అనుమతి ఇవ్వొచ్చు. పాలెంలో ఉండేవాళ్లకు ఇది ఊరట. అదే దారిలో పది మంది పేర్ల మీద పది ‘సొంత ఇళ్లు’ పక్కపక్కన లేచి, అన్నిటికీ ఒకే గేటు, ఒకే ఈతకొలను ఉంటే అది ఇల్లు కాదని చెప్పడానికి తీర మండలి అవసరం లేదు.

పంచాయతీ కాగితం ఎంతవరకు

‘పంచాయతీ ప్లాన్ ఉంది, కరెంటు మీటరు ఉంది, బ్యాంకు లోను ఇచ్చింది’ అనే మాటకు సమాధానం కొచ్చి పక్కన మరడులో ఉంది. అక్కడ పంచాయతీ అనుమతులతో లేచిన నాలుగు అపార్టుమెంటు సముదాయాలను కూల్చమని సుప్రీంకోర్టు 2019 మేలో ఆదేశించింది. తీర మండలి అనుమతి లేకపోవడమే కారణం. 2020 జనవరి 11, 12 తేదీల్లో వాటిని పేల్చేశారు. కొన్నవాళ్లకు తాత్కాలిక పరిహారంగా కోర్టు చెప్పింది 25 లక్షలు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయని నమ్మి కొన్న కుటుంబాలే ఎక్కువ. ఆ అనుమతులు ఇచ్చినప్పుడు ఆ చోటు ఏ తరగతిలో ఉందన్నదే మొత్తం కేసు.

మన వైపు దీనికి తోడు అసైన్డ్ భూముల గొడవ. తీరం వెంట జీడి, సరుగుడు వేసుకోమని పేదలకు ఇచ్చిన డి-పట్టాలు ఉన్నాయి. 1977 చట్టం ప్రకారం వాటిని అమ్మడం, కొనడం చెల్లదు. ఆ తరవాత వచ్చిన సడలింపులు, వాటి మీద ఆపివేతలు కలిసి ఇప్పుడు ఏ నంబరు ఏ స్థితిలో ఉందో నోటిమాటగా చెప్పలేని పరిస్థితి. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ నిషేధిత జాబితాలో ఆ నంబరు ఉందా అన్నది సబ్-రిజిస్ట్రారు దగ్గర మొదట చూడాల్సిన పని. ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రంలో) కనపడని అగ్రిమెంటు, జీపీఏ (అధికార పత్రం) మీద నడిచే బేరం అంటే ఆ జాబితా తప్పించుకోవడానికే అన్న అనుమానం పెట్టుకోవడం ఆరోగ్యకరం. పాత దస్తావేజుల్లో జిల్లా గుంటూరు అని, కొత్తవాటిలో బాపట్ల అని ఉండటం వల్ల లింకు డాక్యుమెంట్లు వెతకడంలో కూడా కొంత తికమక ఉంటుంది.

పెద్ద ఎత్తున చూడాలంటే వాన్‌పిక్ ఉంది. వాడరేవు, నిజాంపట్నం ఓడరేవులు, వాటి చుట్టూ పారిశ్రామిక కారిడార్ అని 2008లో మొదలైంది. వేల ఎకరాలు చేతులు మారాయి. ఓడరేవు రాలేదు. భూమి కేసుల్లో పడింది. సాగు చేసుకునేవాడికీ పోయింది, పరిశ్రమా రాలేదు, ఖాళీగా ఉంచాలని ఎవరూ అనుకోలేదు కనుక దానికి సంరక్షణా లేదు. ‘అభివృద్ధి కానివ్వలేదు’ అన్న నింద వేసేముందు అలాంటి భూములు మధ్యలో ఆగిపోయింది ఎవరి చేతుల్లోనో చూడాలి.

వద్దనే పక్షం ఏం చేయాలి

ఇక్కడ గడువులే ముఖ్యం. జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు, మనకైతే చెన్నై బెంచికి, వెళ్లాలంటే గొడవకు కారణం మొదట పుట్టిన రోజు నుంచి 6 నెలలు. సరైన కారణం చూపిస్తే మరో 60 రోజులు. అనుమతి ఉత్తర్వు మీద అప్పీలుకు 30 రోజులు, పైన 60. పరిహారం అడగని దరఖాస్తుకు రుసుము 1,000 రూపాయలు. డబ్బు లేక ఓడిపోయే కేసులు ఇక్కడ తక్కువ, ఆలస్యమై ఓడిపోయేవే ఎక్కువ. దిబ్బ చదును చేసినప్పుడు ఊరుకుని, పునాది పడ్డప్పుడు పెద్దమనుషుల దగ్గర మాట్లాడి, పై అంతస్తు వేశాక కోర్టు గుర్తుకొస్తే 6 నెలల గడియారం ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

మొదటి రోజే చేయాల్సిన పనులు చిన్నవి. తేదీ, అక్షాంశ రేఖాంశాలు పడేలా ఫొటోలు తీయాలి. తీసిన చోటు నుంచి కదలని గుర్తు, ఒక కరెంటు స్తంభమో గుడి గోపురమో, కనపడేలా ఉండాలి. సర్వే నంబరు రాయాలి. కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా తీర కమిటీకి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఆ కమిటీలో సంప్రదాయ తీరవాసుల ప్రతినిధులు, మత్స్యకారులతో సహా, కనీసం ముగ్గురు ఉండాలన్నది నిబంధన. వాళ్లెవరో తెలియని పాలెం ఉంటే సమాచార హక్కు దరఖాస్తు మొదట ఆ పేర్లకే పెట్టాలి. పర్యావరణ అనుమతుల కోసం కేంద్రం నడిపే పరివేశ్ పోర్టల్‌లో ఆ ప్రాజెక్టు పేరు మీద దరఖాస్తు ఉందా లేదా చూడాలి. లేకపోతే అనుమతి అసలు అడిగి ఉండకపోవచ్చు, అప్పుడు ఫిర్యాదు దారి వేరు. ఉంటే అందులో పెట్టిన పటంలో దిబ్బలు, ఉప్పుటేరు గుర్తించారా అన్నది చూడాలి. తప్పులు అక్కడే దొరుకుతాయి.

‘పర్యావరణం పాడవుతోంది’ అని రాసిన ఫిర్యాదు పక్కకు పోతుంది. ‘ఫలానా నంబరులో పోటు గీతకు 140 మీటర్ల దూరంలో 1.8 మీటర్ల ఎత్తు గోడ ఫలానా తేదీన మొదలైంది’ అన్నదానికి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. జరిమానా మీద ఆశ పెట్టుకోవడం దండగ. 2024 ఏప్రిల్ నుంచి పర్యావరణ చట్టం కింద జైలు శిక్ష స్థానంలో 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా వచ్చింది. రిసార్టు కట్టేవాడికి అది ఇంటీరియర్ ఖర్చు. కట్టడం ఆపే ఉత్తర్వు పునాది దశలో రావడమే పని చేసేది.

ఇవన్నీ రాస్తున్నప్పుడు ఒక మాట దాచకూడదు. నిషేధ పట్టీ వల్ల ఎక్కువ ఇబ్బంది పడ్డది ముందుగా మత్స్యకారులే. పాకకు బదులు పక్కా ఇల్లు కట్టుకోవాలంటే ‘సీఆర్‌జెడ్’ అన్న మాట వాళ్లకు అడ్డం వచ్చినంత త్వరగా పెద్ద గోడలకు అడ్డం రాలేదు. అందుకే పాలెంలో కొందరు రిసార్టు రావాలనే అంటారు. పని దొరుకుతుంది, రోడ్డు వస్తుంది. ఆ కోరికను అమాయకత్వం అని కొట్టేయడం నగరంలో కూర్చున్నవాళ్లకు తేలిక. 2019 నిబంధనలో వాళ్లకు పనికొచ్చే అంశం ఒకటి ఉంది. పునాది వైశాల్యం, ముఖరూపం మార్చకుండా తమ ఇళ్లనే హోమ్‌స్టేలుగా నడుపుకోవచ్చు. పది పాలెం ఇళ్లు ఒక్కో గది ఇస్తే బోరు వేయకుండా, దిబ్బ కదపకుండా పది గదులు. దీనికి కావాల్సింది మరుగునీటికి సరైన ఏర్పాటు, మంచినీటి కుళాయి. ఆ రెంటికీ అయ్యే ఖర్చు ఒక రిసార్టు రోడ్డు కంటే తక్కువే ఉంటుంది.

చివరికి మళ్లీ ఆ ‘ఖాళీ’ దగ్గరికే రావాలి. తీర నిర్వహణ పటం తయారీ నియమాల ప్రకారం మత్స్యకార గ్రామాలు, వాళ్ల ఉమ్మడి జాగాలు, చేపలు ఎండబెట్టే చోట్లు, పడవలు ఆపే రేవులు సర్వే నంబర్ల పటం మీద గుర్తించాలి. గుర్తిస్తే ఆ జాగా ఇక ఖాళీ కాదు. గుర్తించకపోతే రేపు రిసార్టు దరఖాస్తులో అది ‘నిరుపయోగ ఇసుక నేల’ అవుతుంది. ముసాయిదా పటం మీద అభ్యంతరాలు పిలిచినప్పుడు పంచాయతీ తీర్మానంతో పాటు ఒక చిన్న పట్టిక జత చేస్తే చాలు: అలివి వల లాగే ఒడ్డు ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా, ఏ నెలల్లో, ఎన్ని వలలు, చేపలు ఎండేసే జాగా ఎన్ని సెంట్లు, దొరువులు ఎన్ని, ఏ నంబర్లలో, సముద్రానికి వెళ్లే దారులు ఏవి, ఒక్కొక్కటి ఎంత వెడల్పు. ఆ పట్టికను పిలుపు వచ్చే దాకా ఆగకుండా, వేట ఆగే ఏప్రిల్–జూన్ విరామంలో, అందరూ ఊళ్లో ఉన్నప్పుడే కూర్చుని రాసుకోవాలి.